ఆయనకు చక్కెర వేయమంటారా?

చక్రాల కుర్చీలో కూర్చున్న ఒకాయన స్నేహితుడితో కలిసి టీ తాగడానికి హోటల్‌కి వెళ్తాడు. సర్వర్ వచ్చి, తాగబోయే మనిషిని వదిలేసి పక్కనున్న స్నేహితుణ్ణి అడుగుతాడు, "ఆయనకు చక్కెర వేయమంటారా?" అని. కాళ్ళు పనిచేయకపోతే నోరు కూడా పనిచేయదని అతని లెక్క. చూపు లేనివారికీ, చెవులు వినిపించనివారికీ ఇదే మర్యాద. మన పెళ్ళి భోజనాల బంతిలో కూడా "అబ్బాయికి ఇంకో గారె వెయ్యమంటారా?" అని వాళ్ళమ్మని అడిగే పెద్దమనుషులు ఉంటారు. ఆ అబ్బాయికి ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి.

బీబీసీ రేడియో 4 వికలాంగుల కోసం 1977లో ఒక కార్యక్రమం మొదలుపెట్టి, దానికి సరిగ్గా ఈ ప్రశ్ననే పేరుగా పెట్టింది. 'డజ్ హి టేక్ షుగర్?' 1998 దాకా, అంటే ఇరవై ఏళ్ళకు పైగా నడిచింది. పేరులోని చురక సమాజానికి తగిలిందో లేదో గాని, ఆ పేరు పెట్టిన సంస్థకు మాత్రం తగలవలసిందే. వికలాంగ శ్రోతలకు ఏం కావాలో వాళ్ళ పక్కవాళ్ళని అడిగి తెలుసుకోవడమే బీబీసీకీ చాలాకాలం అలవాటు. ఆ అలవాటు వదిలిన చోటల్లా ఏదో ఒక తలుపు తెరుచుకుంది.

మొదటి తలుపు చాలా ముందే తెరుచుకోవడం విశేషం. 1916లో సోమ్ యుద్ధరంగంలో తూటా తగిలి ఇయాన్ ఫ్రేజర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి రెండు కళ్ళూ పోయాయి. యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం లండన్‌లో నడిచే సెయింట్ డన్‌స్టన్స్ సంస్థలో చేరి, 1921 నాటికి దానికే అధ్యక్షుడయ్యాడు. ఆయనకు రేడియో అంటే పిచ్చి. 1924లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. దేశంలో ప్రసారాలు ఎవరి చేతిలో ఉండాలో తేల్చడానికి 1925లో వేసిన క్రాఫర్డ్ కమిటీలో ఈ చూపు లేని సభ్యుడూ ఉన్నాడు. ప్రైవేటు కంపెనీగా పుట్టిన బీబీసీ 1927 జనవరి 1న రాజ చార్టరుతో కార్పొరేషన్ అయింది ఆ కమిటీ సిఫార్సు మీదే.

అప్పట్లో రేడియో వినాలంటే ఏడాదికి 10 షిల్లింగుల లైసెన్సు కట్టాలి. చూపు లేనివారు అది కట్టక్కర్లేదని 1926లోనే చట్టం వచ్చింది. దాని వెనకా ఫ్రేజర్ చెయ్యి ఉంది. లైసెన్సు మాఫీ అయితే సరిపోదు, సెట్టు కొనాలి కదా. దానికో నిధి ఏర్పాటైంది. 1929 క్రిస్మస్ రోజున విన్‌స్టన్ చర్చిల్ బీబీసీ మైకు ముందు కూర్చుని, చూపు లేని పేదలకు రేడియోలు కొనివ్వడానికి చందాలు ఇమ్మని దేశాన్ని అడిగాడు. ఫ్రేజర్ తరువాత బీబీసీ గవర్నర్లలో ఒకడు కూడా అయ్యాడు. అంటే, ఈ సంస్థను నడిపే బల్ల చుట్టూ చూపు లేని మనిషి ఒకరు 1930లలోనే కూర్చున్నారు. ఆ తరువాత అరవై డెబ్బై ఏళ్ళ చరిత్ర చూస్తే, ఇదే పెద్ద ఆశ్చర్యం.

చూపు లేనివారికి రేడియో ఎంత తెరిచిందో, వినికిడి లేనివారికి అంత మూసింది. పత్రిక చదువుకునే కాలంలో చెవిటివాడు ఊరందరితో సమానంగా వార్త తెలుసుకునేవాడు. రేడియో వచ్చాక వెనకబడ్డాడు. టెలివిజన్ వచ్చినప్పుడు బొమ్మ ఉంది కాబట్టి కష్టం తీరిందనుకున్నారు. బొమ్మ ఉంటే చాలదు. వార్తలు చదివే గొంతు తెర మీద కనిపించకుండా బొమ్మల వెనక నుంచి వినిపించేది. పెదవులు చూసి గ్రహించేవాళ్ళకు ఆ పెదవులే లేకుండా పోయాయి.

1952లో బీబీసీ 'ఫర్ డెఫ్ చిల్డ్రన్' అనే పిల్లల కార్యక్రమం మొదలుపెట్టింది. 1964లో దాని స్థానంలో 'విజన్ ఆన్' వచ్చింది. చెవిటి పిల్లలకు సైగలతో చెప్పాలా, పెదవులు చదవడం నేర్పాలా అన్నది అప్పటికి పెద్ద యుద్ధం. 1880లో మిలాన్‌లో జరిగిన ఉపాధ్యాయుల మహాసభ సైగల భాషకు వ్యతిరేకంగా తీర్మానం చేశాక, యూరప్ బడుల్లో పిల్లల చేతులు కట్టేసినంత పని చేశారు. 'విజన్ ఆన్' ఈ గొడవకు తెలివైన దారి వెతికింది. మాటే తగ్గించేసింది. బొమ్మలు, మూకాభినయం, కార్టూన్లు, మధ్యమధ్య సైగలు. ఫలితంగా వినికిడి ఉన్న పిల్లలు కూడా టీవీకి అతుక్కుపోయారు. పీటర్ లార్డ్, డేవిడ్ స్ప్రాక్స్‌టన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఆడుతూ పాడుతూ తీసిన చిన్న యానిమేషన్ ముక్కను ఈ కార్యక్రమమే కొనుక్కుంది. అందులోని కథానాయకుడి పేరు ఆర్డ్‌మన్. ఆ పేరుతోనే వాళ్ళు స్టూడియో పెట్టుకున్నారు. 'వాలెస్ అండ్ గ్రోమిట్' చూసి నవ్వుకున్న వాళ్ళలో ఎందరికి తెలుసు, ఆ స్టూడియో మొదటి సంపాదన చెవిటి పిల్లల కార్యక్రమం నుంచి వచ్చిందని!

పెద్దల సంగతి ఇంత సరదాగా లేదు. 1964లో పుట్టిన బీబీసీ 2 ఛానెల్ వారానికొకసారి, తెర మీద అక్షరాలతో వార్తల సమీక్ష వేసేది. మిగిలిన ఆరు రోజులూ ప్రపంచంలో ఏం జరిగిందో వారం చివర తెలుసుకోవాలన్నమాట. చూపు లేనివారి కోసం 1961లో రేడియోలో మొదలైన 'ఇన్ టచ్' నయం. అక్కడ పనికొచ్చే కబుర్లు, ఫిర్యాదులు, పోట్లాటలు ఉండేవి. 1974 నుంచి దాన్ని నడిపిన పీటర్ వైట్ పుట్టుకతోనే చూపు లేనివాడు. జాలిగొంతు ఆయనకు చేతకాదు. అధికారులను ఊపిరాడకుండా ప్రశ్నలడగడం ఆయన పద్ధతి. 1995లో బీబీసీ ఆయన్ని వికలాంగుల వ్యవహారాల ప్రతినిధిగా నియమించింది.

ఇక ఈ కథలో అసలు మలుపు ఒక పార్లమెంటు సభ్యుడి చెవిలో ఉంది.

జాక్ ఆష్లీ విడ్నెస్ పట్టణంలో పేద కుటుంబంలో పుట్టాడు. పద్నాలుగేళ్ళకే బడి మానేసి ఫ్యాక్టరీ పనికి వెళ్ళాడు. కార్మిక సంఘం మీదుగా ఆక్స్‌ఫర్డ్‌లోని రస్కిన్ కాలేజీకీ, అక్కడి నుంచి కేంబ్రిడ్జికీ చేరాడు. 1950లలో బీబీసీలో చేరి రేడియోకు, తరువాత టీవీకి ప్రొడ్యూసర్‌గా పనిచేశాడు. 1966లో స్టోక్ ఆన్ ట్రెంట్ నుంచి లేబర్ పార్టీ తరఫున గెలిచాడు. మంత్రి అవుతాడని అందరూ అనుకుంటున్న సమయంలో, 1967 చివర, చెవికి ఒక చిన్న ఆపరేషన్ చేయించుకున్నాడు. అది వికటించి ఉన్న వినికిడి కాస్తా పూర్తిగా పోయింది. అప్పటికి ఆయన వయసు నలభై అయిదు.

వినడమే వృత్తిగా బతికిన మనిషి ఆయన. సభలో ఎదుటివాడి మాట వినకుండా జవాబెలా చెప్తాడు? రాజీనామాకు సిద్ధపడ్డాడు. తోటి సభ్యులు, స్టోక్ జనం చేయనివ్వలేదు. పెదవుల కదలిక చదవడం నేర్చుకుని సభలోకి తిరిగొచ్చాడు. ముందు వరసలో ఎవరైనా మొహం తిప్పి మాట్లాడితే ఆయనకు ఆ వాక్యం పోయినట్టే. 1970లలో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఆలన్ న్యూవెల్ బృందం ఆయన కోసం ఒక ఏర్పాటు చేసింది. పాలన్‌టైప్ అనే షార్ట్‌హ్యాండ్ యంత్రం మీద ఒక ఆపరేటరు సభలో మాటలను కొడుతూ ఉంటే, కంప్యూటరు వాటిని అక్షరాలుగా మార్చి ఆష్లీ ఎదుట చిన్న తెర మీద చూపించేది. వర్ణక్రమం సరిగా ఉండేది కాదు. పలికినట్టు రాసిన అక్షరాలు. అయినా ఆయనకు అది చాలు. అప్పటికప్పుడు మాటను తెరమీది అక్షరంగా మార్చవచ్చని బ్రిటన్ పెద్దలు కళ్ళారా చూసింది తమ పార్లమెంటులోనే.

అదే దశాబ్దంలో బీబీసీ ఇంజనీర్లు ఇంకో పని మీద ఉన్నారు. అప్పటి టీవీ బొమ్మ 625 గీతలతో తయారయ్యేది. పైన కొన్ని గీతలు తెర మీదకు రాకుండా ఖాళీగా పోయేవి. వినికిడి లేనివారికి అక్షరాలు పంపడానికి ఆ ఖాళీని వాడుకోవచ్చా అని వెతుకుతుండగా, వాక్యాలే కాదు, పేజీలకు పేజీలు పంపవచ్చని తేలింది. 1974 సెప్టెంబరులో సీఫాక్స్ పేరుతో ప్రపంచంలోనే మొదటి టెలిటెక్స్ట్ సేవ మొదలైంది. వాతావరణం, షేర్ల ధరలు, ఫుట్‌బాల్ స్కోర్లు, విమానాల వేళలు అన్నీ వచ్చేశాయి. ఎవరి కోసం మొదలైందో వాళ్ళ వంతు రావడానికి ఇంకో అయిదేళ్ళు పట్టింది! 1979లో 'క్వైట్లీ ఇన్ స్విట్జర్లాండ్' అనే డాక్యుమెంటరీకి సీఫాక్స్ ద్వారా సబ్‌టైటిల్స్ వేశారు. చెవిటి పిల్లల మీద తీసిన చిత్రం అది. అంటే చెవిటివాళ్ళ గురించిన సినిమా ఒక్కటి చెవిటివాళ్ళకు అర్థమైంది. మామూలు నాటకం, హాస్యం, వార్త ఇంకా దూరమే.

సబ్‌టైటిల్స్ పేజీకి తరువాత 888 అనే అంకె స్థిరపడింది. రిమోట్ మీద మూడుసార్లు ఎనిమిది నొక్కితే మాటలు కిందకి దిగేవి. నల్లటి పట్టీ మీద తెలుపు, పసుపు, లేత నీలం, ఆకుపచ్చ రంగుల్లో అక్షరాలు. ఒక్కో పాత్రకు ఒక్కో రంగు. ఎవరు మాట్లాడుతున్నారో గొంతుతో కాకుండా రంగుతో తెలుస్తుంది. అయితే టెలిటెక్స్ట్ పట్టే టీవీ మామూలు టీవీ కంటే ఖరీదుగా ఉండేది. అక్షరాల కోసం వినికిడి లేనివారే ఎక్కువ డబ్బు పెట్టవలసి వచ్చేది.

1980లో వినికిడి లేనివారు ప్రసారాల కోసమే ఒక ఉద్యమ సంఘం పెట్టుకున్నారు. ఉత్తరాలు రాశారు, ఏ ఛానెల్ ఎన్ని గంటలు సబ్‌టైటిల్స్ వేసిందో లెక్కలు కట్టారు, పార్లమెంటు సభ్యుల వెంటపడ్డారు. పార్లమెంటు లోపల ఆష్లీ ఉండనే ఉన్నాడు. 1981 అక్టోబరులో బీబీసీ 'సీ హియర్' మొదలుపెట్టింది. సైగలు, మాట, తెర మీద అక్షరాలు మూడూ ఉన్న వారపు కార్యక్రమం. తొలిరోజుల వ్యాఖ్యాతల్లో మ్యాగీ ఊలీ స్వయంగా వినికిడి లేని మనిషి. అందులో వాడుతున్న సైగలు మా భాషలా లేవు, ఇంగ్లీషు వాక్యానికి సైగలు తొడిగినట్టున్నాయని చెవిటి ప్రేక్షకులే కోప్పడ్డారు. ఈ కోపాన్ని చిన్నచూపు చూడకూడదు. తమకంటూ ఒక కార్యక్రమం ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పి ఊరుకోకుండా, వ్యాకరణం దగ్గర తగువు పెట్టుకున్నారంటే అది తమదే అనుకున్నట్టు.

తరువాత చట్టాలు వచ్చాయి. 1990 ప్రసార చట్టం ఐటీవీ అనే ప్రైవేటు ఛానెల్ కంపెనీలకు సబ్‌టైటిల్స్ లక్ష్యం పెట్టింది. 1996 చట్టం డిజిటల్ ఛానెళ్ళ మీదికి దృష్టి మళ్ళించింది. 2003 కమ్యూనికేషన్స్ చట్టం ఛానెళ్ళ కార్యక్రమాల్లో 80 శాతానికి సబ్‌టైటిల్స్, 10 శాతానికి చూపు లేనివారి కోసం ఆడియో వివరణ, 5 శాతానికి సైగల భాష అని దీర్ఘకాల లెక్క చెప్పింది. ఈ అంకెల పట్టిక దగ్గర ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. అసలు తమాషా ప్రత్యక్ష ప్రసారాల దగ్గర ఉంది.

రికార్డు చేసిన నాటకానికి తీరిగ్గా అక్షరాలు రాయవచ్చు. వార్తలకీ, ఆటలకీ, పార్లమెంటుకీ ఎలా? మొదట స్టెనోగ్రాఫర్లు కొట్టేవారు. నిమిషానికి రెండు వందల మాటలు కొట్టగలిగే వాళ్ళు తయారవడానికి ఏళ్ళు పడుతుంది. దేశం మొత్తానికి కొద్దిమందే ఉండేవారు. 2001 ప్రాంతంలో బీబీసీ ఇంకో పద్ధతికి మళ్ళింది. గదిలో ఒక మనిషి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్రసారం వింటూ, విన్నది విన్నట్టు, రాగం లేని గొంతుతో మళ్ళీ పలుకుతాడు. "కామా", "ఫుల్‌స్టాప్" అని అవి కూడా పలకాలి. ఆ గొంతుకు అలవాటు పడిన కంప్యూటరు దాన్ని అక్షరాలు చేస్తుంది. మాట్లాడేవాడు మారినప్పుడల్లా మీట నొక్కి రంగు మార్చాలి. మన అవధాని గుర్తొచ్చే పని ఇది. చెవితో ఒకటి, నోటితో ఒకటి, వేళ్ళతో ఇంకొకటి.

కంప్యూటరుకు చెవి ఉంది గాని ఇంగితం లేదు. రాజమాత చనిపోయినప్పుడు ఆమెకు నివాళిగా కాసేపు 'సైలెన్స్' పాటిద్దామన్న మాట తెర మీద కాసేపు 'వయొలెన్స్' అని పడింది. 2014లో చైనావాళ్ళ గుర్రపు సంవత్సరం కాస్తా పలకడానికి ఇబ్బందిపడే ఇంకో మాటగా మారి దేశాన్ని నవ్వించింది. లేబర్ పార్టీ నాయకుడు ఎడ్ మిలిబాండ్ 'ఎడ్ మిల్లర్ బ్యాండ్' అయ్యాడు, ఏదో బాజా భజంత్రీల జట్టు పేరులా. ఈ తప్పులు ఏరి నవ్వుకునేవాళ్ళలో ఎక్కువమంది చెవులు బాగా ఉన్నవాళ్ళే. అక్షరాల మీదే ఆధారపడ్డవాడికి ఒక తప్పు అంటే ఒక వాక్యం పోవడం, కొన్ని సెకన్ల ఆలస్యం అంటే బొమ్మకూ మాటకూ పొత్తు తప్పడం.

2008 నాటికి బీబీసీ తన ప్రధాన ఛానెళ్ళలో నూటికి నూరు శాతం కార్యక్రమాలకు సబ్‌టైటిల్స్ వేయగలిగింది. ప్రపంచంలో అంత పెద్ద సంస్థల్లో అది మొదటిదని చెప్పుకుంది. చెప్పుకోదగ్గదే. అంతకు రెండేళ్ళ ముందు, 2006లో, బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఒక లెక్క బయటపెట్టింది. సబ్‌టైటిల్స్ వాడుతున్నవారు దాదాపు 75 లక్షలు. వారిలో 60 లక్షల మందికి వినికిడి లోపమే లేదు! పిల్లలు నిద్రపోతున్నారని గొంతు తగ్గించిన తల్లులు, స్కాట్లాండ్ యాస పట్టుకోలేని లండన్‌వాళ్ళు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న వలసవాళ్ళు.

మన దగ్గర ఈ కథ తిరగబడి నడిచింది. అహ్మదాబాద్ ఐఐఎంకు చెందిన బ్రిజ్ కొఠారి 1990లలో ఒక ఆలోచన చేశాడు. సినిమా పాట వస్తున్నప్పుడు అదే భాషలో సాహిత్యం కింద వేస్తే, అక్షరాలు మరిచిపోయినవాళ్ళు పాడుకుంటూ చదవడం నేర్చుకుంటారని. దూరదర్శన్ పాటల కార్యక్రమాల్లో అది అమలైంది. తెలుగులో మనవాళ్ళు శుక్రవారం సాయంత్రం వీధి వీధంతా చేరి చూసిన 'చిత్రలహరి' కూడా ఆ జాబితాలో ఉంది. అక్షరాస్యత కోసం వేసిన ఆ అక్షరాలు వినికిడి లేనివారికీ పాటను చేర్చాయి. ఇక వినికిడి లేనివారి కోసమే దూరదర్శన్ 1987లో వారానికోసారి సైగల భాషలో వార్తలు మొదలుపెట్టింది. చాలాకాలం అదొక్కటే దిక్కు. టీవీ ఛానెళ్ళకు ప్రమాణాలు రావడానికి 2016 వికలాంగుల హక్కుల చట్టం, దాని మీద 2019లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఉత్తర్వులు కావలసి వచ్చాయి.

బ్రిటన్‌లో ఇంకో పోరు వీధిలో జరిగింది. ఐటీవీ 'టెలిథాన్' పేరుతో గంటల తరబడి విరాళాల కార్యక్రమం వేసేది. వికలాంగుల కష్టాలు చూపించడం, సినిమా తారలు కంటతడి పెట్టడం, ఫోన్లు మోగడం. 1990లో ఒకసారి, 1992లో మరింత పెద్దగా, వికలాంగులే వందలమంది లండన్‌లో ఆ స్టూడియో ముందు చేరి గేటుకు అడ్డం కూర్చున్నారు. జాలిని ఛీ కొట్టే మోటు నినాదం రాసిన చొక్కాలు వేసుకున్నారు. 1992 తరువాత టెలిథాన్ మళ్ళీ జరగలేదు. గొడవ బీబీసీ గేటు దగ్గర కాకపోయినా, విరాళాల రాత్రులు బీబీసీకీ ఉన్నాయి కాబట్టి చప్పుడు అక్కడికీ వినిపించింది. ముప్పై ఏళ్ళ తరువాత, 2022లో, ఆ ఆందోళన నడిపిన జంట కథను 'దెన్ బార్బరా మెట్ ఆలన్' పేరుతో నాటకంగా ప్రసారం చేసింది బీబీసీనే. రాసినవారిలో ఒకరు, జెనవీవ్ బార్, వినికిడి లేని రచయిత్రి. ముఖ్యపాత్రలు వేసిన ఇద్దరూ వికలాంగులే.

తెర మీద కనిపించే మొహాల సంగతి ఇంత సాఫీగా సాగలేదు. 2009లో పిల్లల ఛానెల్ సీబీబీస్‌లో సెరీ బర్నెల్ అనే వ్యాఖ్యాత వచ్చింది. పుట్టుకతోనే ఆమె కుడిచెయ్యి మోచేతి కింద లేదు. పిల్లలు భయపడుతున్నారని కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదులు పంపారు. భయపడింది పిల్లలు కాదని పత్రికలు ఎదురు రాశాయి. ఆమె 2017 దాకా ఆ ఛానెల్‌లో కొనసాగింది. 2014లో సంస్థ తన లెక్క తనే చూసుకుంటే, తెర మీద కనిపించేవారిలో వికలాంగులు ఒకటిన్నర శాతం కూడా లేరు. దాన్ని 5 శాతానికి తెస్తామని మాట ఇచ్చింది. 2021లో సిబ్బంది మొత్తంలో 12 శాతం అన్న కొత్త లక్ష్యం పెట్టుకుంది. అదే ఏడాది 'స్ట్రిక్ట్లీ కమ్ డాన్సింగ్' పోటీలో వినికిడి లేని నటి రోజ్ ఐలింగ్ ఎల్లిస్ ఒక నృత్యం మధ్యలో సంగీతాన్ని ఆపించింది. కొన్ని క్షణాలు చప్పుడు లేదు, ఆట మాత్రం ఆగలేదు. ఆ పోటీ ఆమే గెలిచింది.

వార్తల్లోనూ అలాంటి మొహం ఒకటి ఉంది. గ్యారీ ఓడోనహ్యూకి ఎనిమిదో ఏట చూపు పోయింది. బీబీసీ రాజకీయ విలేకరిగా ఎదిగి, ఆపైన వాషింగ్టన్‌కి వెళ్ళాడు. 2024 జులై 13న పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో డొనాల్డ్ ట్రంప్ సభ దగ్గర తుపాకి పేలినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. తూటాల చప్పుడు వినగానే తన జట్టుతో పాటు కారు చాటున నేల మీద పడుకున్నాడు. కాసేపటికి లేచి, సభకు వచ్చిన ఒక మనిషిని మైకు ముందుకు పిలిచాడు. తుపాకీతో ఒకడు పక్క భవనం కప్పు మీద పాకుతూ వెళ్ళడం తాము చూశామని, పోలీసులకు వేళ్ళు పెట్టి చూపించామని ఆ మనిషి చెప్పాడు. ఓడోనహ్యూ కంగారు పడకుండా ఒక్కొక్కటే అడిగాడు. ఎక్కడ, ఎంతసేపు, తుపాకీ ఉందని ఎలా తెలుసు. ఆ రాత్రి ప్రపంచమంతా మళ్ళీ మళ్ళీ వేసుకున్న ప్రత్యక్షసాక్షి కథనం అదే.